చెయ్యెత్తమన్న డ్రిల్లు సారు

నేను అవుటా, కాదా?

ముప్పయ్యేళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇది. పిల్లల ఆటలో ఒక్క క్షణానికి సంబంధించింది కాబట్టి ఎవరితో చెప్పినా నవ్వుతారు. మా ఆయన ఒకసారి నవ్వారు కూడా. దీనికి జవాబు తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారని, ఎప్పుడైనా తీరిగ్గా వెళ్ళి అడగాలని అనుకుంటూనే ఉన్నాను. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కాలేజీకి బయలుదేరుతూ ఫోను చూసుకుంటే, మా పదో తరగతి గ్రూపులో ఎవరో పెట్టిన రెండు ముక్కలు కనిపించాయి. "మన డ్రిల్లు సారు తెల్లారి కడప ఆసుపత్రిలో పోయినారు. సాయంత్రం మట్టి."

చెప్పులు వేసుకుంటున్నదాన్ని గడప పక్కనే కూర్చుండిపోయాను. మొదట వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇక అడగలేను కదా, అనుకున్నాను. ఆయన పోయారన్న దుఃఖం దాని వెనకాల వచ్చింది.

ఆ రోజు కర్నూల్లో నాకు పరీక్షల డ్యూటీ. మట్టి చేసే వేళకు వెళ్ళలేకపోయాను. మూడో రోజు వాళ్ళింటి ముందు జరిగిన ఆదరణ కూడికకు, పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చే ప్రార్థనకు మాత్రం వెళ్ళాను. ఆ కూడిక గురించి రాసే ముందు ఆయన గురించి రాయాలి.

ఆయన మా ఊరి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయులు. కాగితాల మీద అలా ఉండేది. మాకు డ్రిల్లు సారు. మా ఊరు కడప నుంచి రాయచోటికి పోయే దారిలో ఘాటు దాటాక వస్తుంది. వాన తక్కువ, రాయి ఎక్కువ. స్కూలు వెనక ఆటస్థలం అని చెప్పుకొనే చోటు నిజానికి కంకర పరిచినట్టుండే బీడు. సారు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే పిల్లలందరినీ గోడవారగా ఒక వరసలో నిలబెట్టి, ఎదురుగోడ దాకా రాళ్ళేరుకుంటూ పొమ్మన్నారట. నేను ఆరో తరగతిలో చేరేనాటికి అది ఆచారమైపోయింది. డ్రిల్లు పీరియడులో మొదటి పది నిమిషాలు రాళ్ళేరడమే. ఏరినకొద్దీ ఉండేవి. నాలుగు చినుకులు పడితే కొత్తవి తేలేవి.

"ఇవి అయిపోయేదెప్పుడు సార్?" అని ఒకసారి అడిగాను.

"అయిపోతే నీకి వంగేకి పనేముంటాది పాపా? ఏరు. పడేది నీ మోకాలే" అన్నారు.

ఆయనా మాతోపాటు వరసలో వంగేవారు. తెల్ల ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఎప్పుడూ ఎర్రగా ఉండేది. ఆ మరక చూసి హెడ్మాస్టరు ఏమైనా అంటారేమోనని నేను భయపడేదాన్ని. నాకు ఇతరుల ప్యాంట్ల గురించి కూడా భయమే. సారు నన్ను 'అనుమానప్పక్షి' అనేవారు. పేరు పెట్టి పిలిచినదానికంటే అలా పిలిచిందే ఎక్కువ.

గీతలు గీయడానికి సున్నం వాడనిచ్చేవారు కాదు. మాలో సగంమందికి చెప్పులుండేవి కావు, చెమట కాళ్ళకు సున్నం అంటుకుంటే వేళ్ళ సందుల్లో పుండ్లు పడతాయని. మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి తోలే లారీ డ్రైవరొకడు ఆయన పాత శిష్యుడు. ఏటా రెండు గోతాల పొడి స్కూలు గేటు దగ్గర దించిపోయేవాడు. ముగ్గురాయి బరువైన పొడి, మా ఊరి గాలికి కూడా లేచిపోదు. దాంతో ఆయన గీసిన గీతలు మధ్యాహ్నపు ఎండలో చూడలేనంత తెల్లగా ఉండేవి.

పదో తరగతికి వచ్చాక మా డ్రిల్లు పీరియడును లెక్కల సారు లాక్కున్నారు. అన్ని స్కూళ్ళలోనూ జరిగేదే. ఒకరోజు ఆకాశం మూసుకుని ఉంది. డ్రిల్లు సారు వచ్చి మా తరగతి తలుపు దగ్గర, శిక్ష పడిన పిల్లవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏమప్పా?" అన్నారు లెక్కల సారు.

"ఒక అరగంట పిల్లోళ్ళని వదలండి సార్. లెక్కలు రేపు గూడా ఉంటాయి. ఈ పొద్దు మబ్బు పట్టిండాది. మన ఊళ్ళో రేపు మబ్బుంటాదని ఎవురు చెప్పినారు?"

లెక్కల సారు కిటికీలోంచి పైకి చూశారు. సుద్దముక్క బల్ల మీద పెట్టారు. మేం బయటికి పరిగెత్తాం.

ఆడపిల్లల ఖోఖో జట్టు కట్టడం ఆయనకు అంతకంటే కష్టమైంది. పరికిణీలతో పరిగెత్తలేం, నిక్కర్లు వేసుకుంటామంటే ఇళ్ళలో ఒప్పుకోరు. ఆయన భార్య తమ ఇంట్లో మిషను మీద నీలం గుడ్డతో మా అందరికీ మడమల దాకా ప్యాంట్లు కుట్టారు. కొలతలు తీసుకోవడానికి మా ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మ ఆమెకు కాఫీ ఇచ్చి, అడగాల్సింది అడగలేక, చివరికి "ఆడపిల్ల కదక్కా" అంది. "కాళ్ళు ఆడపిల్లకీ రెండే గదమ్మా" అని ఆమె టేపు నా నడుముకు చుట్టేశారు.

ఇక ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. నా ప్రశ్నంతా అక్కడే పుట్టింది.

ఖోఖోలో ఎనిమిదిమంది వరసగా గొంతుక్కూర్చుంటారు, ఒకరు తరుముతారు. తప్పించుకునేవాళ్ళకు తరిమేవాళ్ళ చెయ్యి తగిలితే అవుటు. మా స్కూల్లో ఒకే బీడులో అరవై డెబ్బైమంది ఆడేవాళ్ళు. ఇక్కడ ఖోఖో, అక్కడ కబడ్డీ. చూసే సారు ఒక్కరు. అందుకని ఎప్పుడో ఒక ఏర్పాటు చేశారు. అవుటుకు ఈల ఊదరు. ఎవరికి తగిలిందో వాళ్ళే చెయ్యెత్తి బయటికి రావాలి. 'తగిలితే చెయ్యెత్తు.' అంతే నియమం. ఎత్తనివాళ్ళకు శిక్షేమీ లేదు. ఒకసారి ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి తగిలినా ఎత్తలేదు. అందరం చూశాం. సారూ చూశారు. ఆటయ్యాక ఆమె వగరుస్తూ సంజాయిషీ చెప్పుకోబోతే, "గసపెట్టుకుంటా మాట్లాడొద్దు పాపా. ముందర ఊపిరి రానీ. ఊపిరొచ్చినాక అబద్ధం గూడా చెప్పొచ్చు" అన్నారు. ఊపిరి వచ్చాక ఆమె ఏమీ చెప్పలేదు.

బయటి ఊళ్ళకు ఆడటానికి వెళ్తే మేం చేతులెత్తడం చూసి నవ్వేవాళ్ళు. "ఏం మే, క్లాసులో జవాబు చెప్తాండారా?" అని వెక్కిరించేవాళ్ళు. మేం పట్టించుకునేవాళ్ళం కాదు, ఎందుకంటే మేం గెలిచేవాళ్ళం. గెలుపంతా మా కెప్టెన్‌ది. హుసేనమ్మ. వాళ్ళ నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. హుసేనమ్మ తరిమితే తప్పించుకున్న మనిషిని నేను చూడలేదు. పక్కకు చూస్తూ ఇటు వచ్చేది, ఇటు వస్తున్నట్టుండి అటు తిరిగేది. బెంచీలో నా పక్కన కూర్చునేది. నా లెక్కల నోటు తనే ఎక్కువ వాడేది.

పదో తరగతిలో మేం జిల్లా ఆటల ఫైనలు దాకా వెళ్ళాం. గెలిచిన జట్టు మొత్తంగా రాష్ట్రం ఆటలకు పోతుంది. అక్కడ ఆడిన సర్టిఫికెట్టు ఉంటే ఆటల హాస్టల్లో సీటు వస్తుంది, తిండీ చదువూ వాళ్ళే చూసుకుంటారు. హుసేనమ్మ వాళ్ళ నాయన అప్పటికే సారుకు చెప్పేశాడు. నేను పక్కనే ఉన్నాను. "సీటొస్తే చదివిస్తా సార్. రాకుంటే పెండ్లి చేసేస్తా. నన్ను ఇంగేం అడగొద్దు."

కాబట్టి ఆ ఫైనల్లో ఏముందో మా తొమ్మిదిమందికీ తెలుసు. ఆమె ఒక్కతే తెలియనట్టు బొరుగులు తింటూ కూర్చుంది.

ఆట రాయచోటిలో జరిగింది. ఎదుటివాళ్ళు పెద్ద స్కూలు వాళ్ళు, కాళ్ళకు బూట్లు. చివరి విడతలో వాళ్ళు తరుముతున్నారు, మేం తప్పించుకోవాలి. స్కోరు సమానమైంది. ఇంకో అర నిమిషం మాలో ఎవరూ అవుటు కాకుండా నిలబడితే మళ్ళీ ఒక విడత పెడతారు, అందులో ముందు మేం తరుముతాం. అంటే హుసేనమ్మ తరుముతుంది. అంటే మేం గెలుస్తాం. లోపల మిగిలింది నేనూ, ఇంకో అమ్మాయీ. పోలు చుట్టూ తిరిగి అవతలికి దూకాను. వెనక నుంచి ఆ జట్టులోని పొడుగమ్మాయి నేల మీదికి డైవు కొట్టింది. నా ఎడమ మడమకు ఏదో తగిలింది. వేలి కొసో, ఆమె పడ్డప్పుడు ఎగిరిన గులకరాయో. ఆ మైదానంలో రాళ్ళేరే అలవాటు ఎవరికీ లేదు.

అంపైరు ఈల ఊదలేదు. ఆ పొడుగమ్మాయి కూడా దుమ్ములోంచి లేవబోతోందే గానీ అవుటని అరవలేదు. నేను ఇంకో మూడడుగులు పరిగెత్తాను. తర్వాత ఆగి చెయ్యెత్తాను.

అంపైరుకు అర్థం కాలేదు. "ఏమి పాపా, నీళ్ళు కావల్లా?" అన్నాడు.

"తగిలింది సార్" అన్నాను.

తగిలినట్టుంది అనలేదు. అనుమానంగా ఉంది అనలేదు. నేను జీవితంలో ఏ మాటా అంత తేల్చి చెప్పినదాన్ని కాను.

పోలుకు రెండు బారల దూరంలో, గీతకవతల, సారు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నారు. అంత దగ్గరగా చూసిన మనిషి ఇంకెవరూ లేరు. ఆయన లేవలేదు. ఆ ఒక్క పాయింటుతో మేం ఓడిపోయాక మా బ్యాగులు ఒక దగ్గర పేర్చడం మొదలుపెట్టారు. తిరుగు బస్సులో అందరికీ బొరుగుల పొట్లాలు పంచారు. నా పొట్లం కూడా అందరి పొట్లమంతే ఉంది.

హుసేనమ్మ నా పక్కనే కూర్చుంది. ఊరు దగ్గరపడుతుండగా అడిగింది.

"ఏమే, నిజంగా తగిలిందా నీకి?"

"ఏమో" అన్నాను.

"ఏమోనా?" నా వైపు తిరిగింది. "ఏమోకి చెయ్యెత్తుతావా?"

తర్వాత ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పరీక్షల దాకా బెంచీలో నా పక్కనే ఉంది గానీ నా నోటు అడగలేదు. ఆ ఏడాది తిరిగేలోపల ఆమెకు పెళ్ళయింది. నేను ఇంటరుకు కడప వచ్చాను, అక్కడి నుంచి యూనివర్సిటీకి, ఆ తర్వాత ఉద్యోగానికి కర్నూలు.

ఫైనలు మరుసటి రోజు సారు ఏమైనా అంటారని ఎదురుచూశాను. మెచ్చుకుంటారని సగం, తిడతారని సగం. రాళ్ళేరమన్నారు, అంతే. నేనూ అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది కదా, ఆ భయం. ఆయన 'తగల్లేదు పాపా' అంటే హుసేనమ్మ చదువును నేను ఉత్త పుణ్యానికి పాడుచేసినదాన్ని అవుతాను. 'తగిలింది' అంటే మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకోగలనా అన్నదీ తెలియదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కాలేజీలో ఒక సభలో ఈ కథ చెప్పాను. ఈల మోగకపోయినా చెయ్యెత్తిన అమ్మాయి కథగా, నిజాయితీకి ఉదాహరణగా చెప్పాను. చప్పట్లు కొట్టారు. నేను చెప్పిన కథలో హుసేనమ్మ పేరు లేదు.

సారును మధ్యమధ్య కలుస్తూనే ఉన్నాను. ఆయన మనుషుల ముఖాలకంటే ముందు నడక చూసేవారు. ఏడెనిమిదేళ్ళ కిందట కడప బస్టాండులో కనిపించారు. ఈసారి అడిగేయాలని దగ్గరికి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే, "అనుమానప్పక్షీ, ఎడమకాలు ఈడుస్తాండావే. ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు. ఈడవడం లేదన్నాను. నన్ను ఆ ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించారు. బస్సు కోసం నిలబడినవాళ్ళంతా చూస్తున్నారు. "డాక్టరుకి చూపించు. నన్ను నమ్మకుంటే ఎక్స్‌రేని నమ్ము" అన్నారు. చూపించాను. నడుము దగ్గర నరం నొక్కుకుపోతోందని, ఇంకో ఏడాది ఆగి ఉంటే కష్టమయ్యేదని అన్నారు. ఈ రోజు నేను మూడో అంతస్తులో క్లాసుకు మెట్లెక్కి పోతున్నానంటే ఆ ప్లాట్‌ఫారం మీది నడకే కారణం. ఆ సంతోషంలో అసలు ప్రశ్న మళ్ళీ వాయిదా పడింది. ఆయన ఎప్పటికీ ఉంటారనుకున్నాను కాబోలు.

ఆదరణ కూడిక మధ్యాహ్నం రెండు గంటలకు. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. పాస్టరుగారు వాక్యం చదివాక, ఎవరైనా నాలుగు మాటలు చెప్పండన్నారు. పెద్దవాళ్ళు ఒకరివైపొకరు చూసుకున్నారు. వెనక నుంచి యూనిఫారంలో ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి లేచింది. సారు రిటైరై పన్నెండేళ్ళు దాటినా సాయంత్రాలు ఆటస్థలానికి వెళ్తూనే ఉన్నారని, ఆ అమ్మాయి ఆయన ఆఖరి జట్టులోదని తర్వాత తెలిసింది.

"మా సారు ఎక్కువ మాట్లాడడు" అంది. "ఆడేకి ముందర రెండు మాటలు మాత్రం చెప్తాడు. తగిలితే చెయ్యెత్తు. తెల్దంటే పరిగెత్తు." ఇంకేదో చెప్పబోయి, ఏడుపొచ్చి కూర్చుండిపోయింది.

నాకు మొదటి మాటే తెలుసు. రెండోది నేనెప్పుడూ వినలేదు.

సారు భార్య ఆ పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆమెకు డెబ్బై దాటాయి, వీపు వంగింది. "ఆసుపత్రికి పోయేటప్పుడు గూడా అదే ధ్యాస. తూర్పు పక్క రాళ్ళు అట్లనే ఉండాయి, అనుకుంటా పోయినాడు" అన్నారు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, తమ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగినంత చనువుగా అడిగింది. "అమ్మమ్మా, వచ్చే వారం మాకి ఆటలుండాయి. ఆడపిల్లోళ్ళతో లేడీ ఒకరు రావల్లంట. స్కూల్లో ఎవురూ వచ్చేటట్టు లేదు. సారుంటే ఎవుర్నో ఒకర్ని అడిగి పిల్చకచ్చేటోడు."

"నేనొస్తా."

"నువ్వా?"

"ఏం, నేను లేడీని గాదా?"

అంత దుఃఖంలోనూ షామియానా కింద నవ్వు పాకింది. మొదటి వరసలో కూర్చున్న ఇప్పటి హెడ్మాస్టరు, నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో తెలియక తల గోక్కున్నాడు. ఆమె నిబంధన అడగలేదు. ఆ పిల్లలకు ఎన్ని గంటలకు బస్సో అడిగారు.

ప్రార్థన అయ్యాక లేచి వెళ్ళబోతుంటే వెనక నుంచి ఎవరో నా భుజం మీద చరిచారు.

"ఏమే లెక్చరరమ్మా! గుర్తు పట్టలేదా, పట్టనట్టు ఉండావా?"

హుసేనమ్మ. ఖాకీ చొక్కా, మెడలో టికెట్ల మిషను. ఆమె రాయచోటి, కడప మధ్య తిరిగే బస్సులో కండక్టరని ఐదేళ్ళ కిందట ఎవరో చెప్పగా విన్నాను. విన్న రోజు నుంచీ కడప వెళ్ళాల్సి వస్తే, బస్టాండులో ఎదురుపడుతుందేమోనని రైల్లో వెళ్తున్నాను. మా ఊరికి రావడం మానేశాను. ఆ రోజూ ఆటోలో వచ్చాను.

"గుర్తు పట్టాను" అన్నాను.

"పట్టినట్టు లేదే నీ మొగం. ఒక ట్రిప్పు వేరేవాళ్ళకి అప్పజెప్పి వచ్చినా. నాలుగున్నర బండి నాదే. బాగుండావా?"

బాగున్నానని చెప్పకుండా, నోటికి వచ్చింది అడిగేశాను. "ఆ రెండో మాట సారు ఎప్పటి నుంచి చెప్తున్నారు?"

"యా రెండో మాట?"

"తెలియకపోతే పరిగెత్తు."

హుసేనమ్మ నన్ను వింతగా చూసింది. "నీకి తెల్దా? నీ పుణ్యమే గదా అది! మనం ఓడిపోయొచ్చినాక, వచ్చే జూన్‌లోనే పెట్టినాడు. మా చెల్లెలు అప్పుడు ఎనిమిదో తరగతి. ఇంటికొచ్చి, సారు కొత్త రూలు పెట్టినాడక్కా అని చెప్పింది. నాకి శానా కోపమొచ్చింది. ఒక ఏడాది ముందర పెట్టింటే నా పని బాగుండు గదా అని."

"నన్ను తప్పుపట్టే పెట్టారా?"

"నిన్నో, తననో. నేను అది అడగల్యా. ఇంగొకటి అడిగినా." కుర్చీ లాక్కుని కూర్చుంది. "కండక్టరు ఉద్యోగాలు పడినప్పుడు ఆయప్పే ఫారం పట్టుకోని మా ఇంటికొచ్చినాడు. అప్పటికి నాకి ఇద్దరు పిల్లోళ్ళు, పరుపులు కుట్టుకుంటా ఉంటి. ఎత్తు చాలదేమో సార్ అంటే, స్కూలుకి పిల్చకపోయి గోడకి నిలబెట్టి కొలిచినాడు. సరిపోయినావు పో అన్యాడు. అప్పుడడిగినా. సార్, ఆ పొద్దు అది అవుటా, కాదా? మీరు పక్కనే ఉంటిరి గదా అని."

నేను ముప్పయ్యేళ్ళు అడగలేనిది ఆమె గోడకు వీపు ఆనించి నిలబడి అడిగేసింది.

"ఏమన్నారు?"

"చూళ్ళేదు అన్యాడు."

"చూడలేదా?"

"'కాలు చూళ్ళేదు హుసేనమ్మా, ఆ పాప మొగం చూస్తా ఉంటి' అన్యాడు. 'ఈల ఊదల్యా, ఎవురూ అడగల్యా. అయినా మొగంలో ఎంత భయమో. నేను నేర్పిచ్చిన మాటకి ఒక పిల్ల అంత భయపడతాదా అనుకుంటి' అన్యాడు."

షామియానా అవతల ఎవరో కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపుతున్నారు. ఆ చప్పుడు ఆగింది. తర్వాత ఎన్నాళ్ళుగానో లోపల పెట్టుకున్నది అన్నాను. "నా వల్లే కదా నీ చదువు ఆగిపోయింది."

హుసేనమ్మ కాదనలేదు. అందుకు నేను ఆమెకు ఎప్పటికీ కృతజ్ఞురాలిని.

"రెండేండ్లు నీ పేరెత్తితే కడుపు మండేది" అంది. "నాయన మింద లేదు కోపం, సారు మింద లేదు, నీ మిందనే. గెలిచింటే సీటొచ్చేదేమో. రాకపోను గూడా రాకపోవచ్చు. అది నాకి తెల్దు, నీకీ తెల్దు. నా కూతురు నర్సింగు చదువుతాంది ఇప్పుడు. దాని పెండ్లి మాట ఎత్తిన ప్రతివాడినీ ఇంట్లోంచి తరుముతాండా. అదొక్కటి తెలుసు." లేచి మిషను సర్దుకుంది. "టైమయితాంది. నువ్వు ఈడనే కూచ్చోని ఆలోచిస్తాంటే బండి నిలబడదు. వస్తావా, రావా?"

వెళ్ళాను.

బస్సు నిండుగా ఉంది. నాకు వెనక నుంచి మూడో సీటు దొరికింది. ఘాటు దిగడం మొదలుపెట్టగానే మలుపు మలుపుకూ అందరం ఒకేసారి ఇటు ఒరిగి, ఒకేసారి అటు ఒరుగుతున్నాం. నిలబడినవాళ్ళు పైకమ్మీని రెండు చేతులతో పట్టుకుని వేలాడుతున్నారు. పిల్లలు, కోళ్ళ గంపలు, మూటలు అన్నీ జారుతున్నాయి. వాటి మధ్యలోంచి హుసేనమ్మ వెనక నుంచి ముందుకు నడుచుకుంటూ వెళ్తోంది. ఒక చేతిలో మిషను, ఇంకో చేత్తో టికెట్టు చింపుతోంది. దేన్నీ పట్టుకోవడం లేదు. మలుపు రాకముందే ఆమె మోకాలు కొంచెం వంగుతోంది, బస్సు ఎటు తిరగబోతోందో బస్సుకంటే ముందు ఆమె కాళ్ళకు తెలిసినట్టు. "జరగండప్పా, జరగండి. పోయేది ఒక ఊరికే గదా, అందరూ తలుపు కాడనే నిలబడితే ఎట్ల?" అంటోంది. కింద లోయలో సాయంత్రపు ఎండ పడి రాళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి. ఆమె డ్రైవరు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ మా వైపు నడిచి వస్తోంది.

ఆ రోజు నా చెయ్యి నిజం కోసం లేచిందో, భయంతో లేచిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. సారు నా ముఖంలో చూసింది భయమే కావచ్చు. కానీ భయపడినవాళ్ళు నిజం చెప్పరని ఎక్కడుంది? ఇదంతా రాస్తే తేలుతుందేమోనని కూర్చున్నాను. తేలలేదు.